త్రేన్పు మిగిల్చిన ఆపరేషన్

కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నకుండా, పొట్టపై చిన్న రంధ్రాలు పెట్టి చేసే ల్యాపరోస్కోపీ ఆపరేషన్ అయి కొన్నేళ్లు గడిచాయి. గుండెల్లో మంట తగ్గింది, అందుకే కదా చేయించుకున్నది. నాకు ఇప్పటికీ సంతోషం కలిగించేది మాత్రం త్రేన్పు. భోజనం అయ్యాక మామూలుగా, హాయిగా వస్తుంది.

దాని విలువ మా పెదనాన్నగారి అబ్బాయిని చూస్తే తెలుస్తుంది. ఇదే జబ్బుకు అన్నయ్య నాకన్నా ముందే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయనకు త్రేన్పు రాదు. పెళ్లి భోజనం చేసి లేస్తే పొట్ట డోలులా బిగుస్తుంది. వాంతి వచ్చేలా ఉంటుంది, రాదు.

తేడా అంతా చుట్టులో ఉంది. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ తిప్పి కుడతారు. సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ 1956లో ప్రకటించిన పద్ధతిలో ఆ చుట్టు 360 డిగ్రీలు. ఆమ్లంతో పాటు కొందరికి గాలి కూడా పైకి రాదు. అన్నయ్యకు వేసింది అదే. నాది టూపే పద్ధతి, వెనక నుంచి 270 డిగ్రీలు చుట్టి ముందు భాగం వదిలేస్తారు. ఆపరేషన్‌కు ముందు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, గుక్కగుక్కగా నీళ్లు మింగిస్తూ మానోమెట్రీ, అంటే అన్నవాహిక కదలికల బలం కొలిచే పరీక్ష, చేశారు. అన్నవాహిక కదలికలు బలహీనమని తేలింది. పూర్తి చుట్టు వేస్తే ముద్ద దిగడం కష్టమవుతుందని డాక్టర్ గారు పాక్షిక చుట్టుకే మొగ్గారు. చిరాకు పెట్టే పరీక్షే, అయినా మానవద్దు.

నా కోపమంతా ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన ఆహారం కాగితం మీద. మెత్తటి పదార్థాల్లో బ్రెడ్ కూడా రాశారు. జావలు తాగి తాగి విసుగెత్తి, ఒక సాయంత్రం చిన్న ముక్క నమిలి మింగాను. రొమ్ము ఎముక వెనక ఆగిపోయింది. నీళ్లు తాగితే అవీ నోట్లోకే తిరిగొచ్చాయి. ఉమ్ము కూడా మింగుడు పడక గిన్నె పట్టుకుని కూర్చుంటే, మా ఆవిడ వీపు నిమురుతూ డాక్టర్ గారికి ఫోను చేసింది. "ఇంకేమీ మింగనివ్వకండి, నెమ్మదిగా నడిపించండి, తగ్గకపోతే వెంటనే తీసుకురండి" అన్నారు. బయలుదేరడానికి చెప్పులు వేసుకుంటుండగా దిగింది. ఆపరేషన్ చేసిన చోట వాపు ఉన్నన్నాళ్లు బ్రెడ్ ఉండకట్టి అడ్డం పడుతుందని మర్నాడు తెలిసింది. ఆ మాట కాగితంలోనే ఉండాల్సింది.

త్రేన్పును ఇంతగా మెచ్చుకున్నాను గానీ, సోడా తాగితే నాకూ ఉబ్బరమే. కింది నుంచి పోయే గాలి మునుపటికన్నా ఎక్కువైంది. రాత్రి మిరపకాయ బజ్జీలు తిని పడుకుంటే అప్పుడప్పుడు గొంతులో పులుపు తగులుతుంది, మాత్రల డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంది. అన్నయ్యకు మంట జాడే లేదు, మళ్లీ అడిగినా పూర్తి చుట్టే వేయించుకుంటానంటాడు.

నాకు అన్నవాహిక బలహీనం, పైగా ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినే వీలుంది. షిఫ్టుల్లో పనిచేస్తూ పది నిమిషాల్లో భోజనం ముగించే వారికి ఇదే కుదురుతుందని చెప్పలేను. మానోమెట్రీ రిపోర్టు చూపించి, ఎంత చుట్టు వేస్తారో, ఎందుకో మీ డాక్టర్ గారినే అడగండి.