మిద్దెతోట టమాటాకు ఆకు మీద పిచికారీ: కొన్నేళ్లు వాడాక నా మాట

మధురవాడలో మా మిద్దె మీద కొన్నేళ్లుగా టమాటా వేస్తున్నాను, ఎక్కువగా అర్కా రక్షక్ అనే రకం. సముద్రం పక్కనే ఉన్న విశాఖలో పొడి వాతావరణం బాధేంటని చాలామంది అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి తిరిగి, సముద్రపు గాలి ఆగిపోయిన రోజు ఒకసారి మిద్దె ఎక్కి చూడాలి. పొద్దున తడిపిన గ్రో బ్యాగ్ మధ్యాహ్నానికే పొడిపొడిగా ఉంటుంది. మట్టిలో ఎరువు ఉన్నా, తడి లేకపోతే వేరు దాన్ని అందుకోలేదు. అందుకే పోషకాలను నీళ్లలో కలిపి ఆకు మీద పిచికారీ చేయడం మొదలుపెట్టాను.

నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది బోరాన్ అనే సూక్ష్మపోషకం. 20 శాతం బోరాన్ పొడిని లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి, పూత మొదలయ్యే ముందు ఒకసారి, పూత మీద ఉన్నప్పుడు ఇంకోసారి కొడతాను. కొట్టిన మొక్కల్లో కాడ దగ్గరే పసుపెక్కి రాలే పూలు తగ్గి, పిందె ఎక్కువగా నిలిచింది. మోతాదు మాత్రం పెంచకూడదు, ఆకుల అంచులు మాడిపోతాయి. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడే దెబ్బతింటుంది, అప్పుడు బోరాన్ కూడా పూతను కాపాడలేదు.

నీళ్లలో కరిగే ఎరువుల్లో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) లేత మొక్కకు, 13:0:45 (భాస్వరం లేకుండా పొటాష్ ఎక్కువున్నది) కాయ ఊరేటప్పుడు, రెండూ లీటరుకు 5 గ్రాములు. ఆకు రంగులో తేడా తొందరగానే కనిపిస్తుంది. సముద్రపు నాచు ద్రావణం వాడితే వడలిన మొక్క కొంచెం తేరుకుంటున్నట్టు అనిపించింది కానీ, ధరకు తగ్గ ఫలితం ఉందని చెప్పలేను.

కాల్షియం నైట్రేట్ దగ్గరే నాకు నిరాశ. కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్ళితే అందరూ ఇదే కొట్టమంటారు. ఆకులోకి వెళ్లిన కాల్షియం అక్కడి నుంచి కాయకు దాదాపు వెళ్లదు, కాయకు అది వేరు నుంచి నీటితో పాటే చేరాలి. రోజు విడిచి రోజు నీళ్లు పోసే పద్ధతి మాని, రోజూ ఒకే వేళకు పోస్తూ మట్టి మీద ఎండాకులు పరిచాక మా తోటలో ఆ కుళ్ళు బాగా తగ్గింది. 19:19:19తో కాల్షియం నైట్రేట్‌ను కలిపేవాళ్లు ముందు ఒక గాజు గ్లాసులో చిక్కగా కలిపి చూడండి. విరిగిన పాలలా తెల్లటి పలుకులు తేలతాయి. అందులో కాల్షియం, భాస్వరం రెండూ మొక్కకు అందకుండా పోతాయి, స్ప్రేయర్ నాజిల్ కూడా పూడుకుపోతుంది.

వేళ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఎండలో కొడితే చుక్క ఆకులోకి దిగేలోపే ఆరిపోయి, ఉప్పు మిగిలి ఆకు మాడుతుంది. పడమటి గాలి రోజుల్లో ఎండ దిగాక, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా కొడతాను. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం పొద్దున్నే మంచిది, రాత్రంతా ఆకు తడిగా ఉంటే ఆకుమచ్చ తెగులు వస్తుంది. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి పిచికారీకి కుళాయి నీళ్లే వాడతాను.

వేసవి మిద్దెతోటకు కొంచెం డబ్బు పెట్టగలిగితే ముందు ఎండ తగ్గించే గ్రీన్ షేడ్ నెట్ ముక్క, తర్వాత బోరాన్ ప్యాకెట్ కొనమంటాను. కాల్షియం డబ్బా నేనైతే మళ్లీ కొనను.