చొన్‌జిఇన్ కీబోర్డు: మూడు మీటలతో కొరియన్ అచ్చులన్నీ

ఫోనులో కొరియన్ భాషను జతచేసుకున్నప్పుడు నాకు రెండు రకాల కీబోర్డులు కనిపించాయి. ఒకటి కంప్యూటరులో ఉన్నట్టే అక్షరానికొక మీట ఉన్నది. రెండోది పాత ఫోన్ల అంకెల మీటలను గుర్తుచేసే చొన్‌జిఇన్. మూడు నెలలుగా ఈ రెండోదానినే వాడుతున్నాను. కొరియన్ లిపి అయిన హంగుల్‌లో అచ్చుల అమరిక నాకు పాఠ్యపుస్తకం కన్నా ఈ కీబోర్డు వల్లనే బాగా ఒంటబట్టింది.

చొన్ అంటే ఆకాశం, జి అంటే భూమి, ఇన్ అంటే మనిషి. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రజలకు అందించిన ఈ లిపిలో అచ్చులన్నిటికీ మూలం ఆకాశాన్ని సూచించే గుండ్రని చుక్క, నేలను సూచించే అడ్డగీత, నిలబడిన మనిషిని సూచించే నిలువుగీత. కీబోర్డు పై వరుసలోని మూడు మీటలూ ఇవే. అచ్చులకు వేరే మీటలు లేవు. నిలువుగీత తర్వాత చుక్క నొక్కితే 'ఆ' వస్తుంది, చుక్కను ముందు నొక్కితే మన 'అ'కూ 'ఒ'కూ నడుమ పలికే మరో అచ్చు వస్తుంది. అడ్డగీతకు ముందు చుక్క పెడితే 'ఓ', తర్వాత పెడితే 'ఊ'. చుక్కను రెండుసార్లు నొక్కితే ఈ నాలుగింటికీ ముందు యకారం చేరుతుంది. నేటి ముద్రణలో ఆ చుక్క పొట్టి గీతగా మారిపోయింది కనుక, పుస్తకం చూసి నేర్చుకునేవారికి ఈ బంధుత్వం వెంటనే కనిపించదు.

తెలుగులో 'ఆ' ఒక రూపం, 'కా'లోని దీర్ఘం మరో రూపం. హంగుల్‌లో అచ్చుకు ఒకటే రూపం. దాని ముందు హల్లు లేకపోతే ధ్వని లేని సున్నాను పెడతారు. నిలువు అచ్చులు హల్లుకు కుడిపక్కన, అడ్డ అచ్చులు హల్లు కింద కూర్చుంటాయి. చెట్టు అనే అర్థమున్న 'నాము' రాసేటప్పుడు ఈ సర్దుబాటును కళ్లారా చూడవచ్చు. 'నా' తర్వాత, మకారం మరో హల్లుతో కలిసి ఉన్న మీటను రెండుసార్లు నొక్కగానే ఆ మకారం 'నా' కిందికి పొల్లుగా చేరుతుంది. అడ్డగీత తగలగానే అక్కడి నుంచి లేచి పక్క గడిలో ఆ గీత మీద కూర్చుంటుంది. చివరి చుక్కతో 'ము' పూర్తవుతుంది. మొత్తం ఏడు నొక్కులు. పెద్ద కీబోర్డులో నాలుగే చాలు.

వర్ణక్రమం గుర్తుండడానికి కూడా ఈ పద్ధతి ఎంతో సాయపడుతోంది. కుక్కను 'కే' అంటారు, పీతనూ 'కే' అంటారు. నేడు చాలామంది పలుకుబడిలో ఈ రెండు అచ్చులకూ తేడా వినబడదు, రాతలో మాత్రం వేరు. కుక్కకు నిలువుగీత, చుక్క, నిలువుగీత. పీతకు చుక్క, ఆపైన రెండు నిలువుగీతలు. చెవి పట్టుకోలేని తేడాను బొటనవేలు గుర్తుపెట్టుకుంది.

లోపమల్లా హల్లుల దగ్గరే ఉంది. నకారం, రకారం ఒకే మీట మీద ఉన్నందువల్ల, అందరూ మొదట నేర్చుకునే పలకరింపు 'అన్యొంగ్' రాయబోతే చిక్కు వస్తుంది. ఆ మాట రాతలో రెండు నకారాలు వెంటవెంటనే వస్తాయి. వేగంగా నొక్కితే అవి కాస్తా రకారమైపోతాయి. మొదటి నకారం తర్వాత క్షణం ఆగాలి, లేదా ఖాళీ వదిలే (స్పేస్) మీటను ఒకసారి నొక్కాలి. పొడవైన ఉత్తరాలు రాసేవారికి ఇది విసుగు తెప్పిస్తుంది కాబట్టి వారికి పెద్ద కీబోర్డే మేలు.

కొత్తగా నేర్చుకునేవారు మాత్రం మొదటి కొన్ని నెలలు దీనినే వాడాలని గట్టిగా చెబుతాను. ఒంటి చుక్క కూడా ఒకప్పుడు స్వతంత్రమైన అచ్చే. 1933 నాటి వర్ణక్రమ నియమాలు దానిని ప్రామాణిక రాత నుంచి తొలగించాయి. ఈ కీబోర్డులో అది ఇప్పటికీ పై వరుస నడుమ ఉంది, 'ఆ' రాసినా 'ఊ' రాసినా దానిని తాకక తప్పదు.