మాక్స్‌లో ప్రీసెట్లు: నన్ను కాపాడింది ఆ టెక్స్ట్ ఫైలే

మాక్స్ అనే సంగీత, ధ్వని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రీసెట్లు (ఒకసారి సెట్ చేసుకున్న విలువల సెట్లు) దాచుకోవడానికి కొన్నేళ్లుగా ప్యాటర్‌స్టోరేజ్ అనే ఆబ్జెక్ట్ వాడుతున్నాను. డయల్స్ లాంటి వాటికి పేర్లు (స్క్రిప్టింగ్ నేమ్) ఇవ్వడం, వాటిని దీనికి కలిపే ఆటోప్యాటర్ పెట్టడం వాడేవాళ్లందరికీ తెలిసిందే, వాటి జోలికి వెళ్లను. నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. ప్రీసెట్లన్నీ జేసన్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో, ఎవరైనా తెరిచి చదువుకోగలిగేలా ఉంటాయి.

ఒక నృత్య ప్రదర్శన కోసం పెద్ద ప్యాచ్ (మాక్స్‌లో కట్టే ప్రోగ్రాం) కట్టాం. ప్రతి సన్నివేశానికీ ఒక ప్రీసెట్, అన్నీ రిహార్సల్స్‌లో చెవితో విని సరిచేసుకున్నవే. ప్యాచ్ మరీ పెరిగిపోవడంతో ఫిల్టర్ల భాగాన్ని 'ఫిల్టర్' అనే సబ్‌ప్యాచర్‌లోకి, అంటే ప్యాచ్ లోపలి చిన్న ప్యాచ్‌లోకి మార్చాం. ఆ తర్వాత పాత ప్రీసెట్ పిలిస్తే డిలేలు, వాల్యూములు సరిగ్గానే వచ్చాయి కానీ ఫిల్టర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ప్రదర్శన దగ్గరపడుతోంది. అన్నీ మళ్లీ విని సెట్ చేయాలంటే టైం లేదు, ఒకటే టెన్షన్.

ఫైలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచాక సంగతి అర్థమైంది. ప్యాటర్‌స్టోరేజ్ ప్రతి విలువనూ దాని చిరునామాతో దాస్తుంది. పైన ఉన్నప్పుడు 'కటాఫ్' అని ఉన్న చిరునామా లోపలికి వెళ్లాక 'ఫిల్టర్::కటాఫ్' అవుతుంది. విలువలు మాత్రం ఒక్కటీ పోలేదు, పాత పేర్ల కిందే భద్రంగా ఉన్నాయి. ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టి, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో పేర్లు మార్చాం. పేరుకు రెండు వైపులా ఉన్న కొటేషన్ గుర్తులతో సహా వెతకాలి, లేకపోతే 'కటాఫ్2' లాంటివి కూడా మారిపోతాయి. ఫైలు మళ్లీ చదివించాక అన్ని ఫిల్టర్లూ కదిలాయి. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఒకప్పుడు నేను అందరికీ చెప్పింది వేరే సదుపాయం గురించి. ప్యాటర్‌స్టోరేజ్‌కు 3.5 అని పంపితే మూడు, నాలుగు ప్రీసెట్ల విలువల మధ్య సగం దూరంలో ఆగుతుంది. వినడానికి గొప్పగానే ఉంటుంది, కానీ ఫ్రీక్వెన్సీల దగ్గర అంత బాగుండదు. 200 హెర్ట్జ్, 2000 హెర్ట్జ్‌ల మధ్య సగం అంటే అది 1100 ఇస్తుంది, చెవికి సగం అనిపించేది మాత్రం 632 దగ్గర. అందుకే ఇప్పుడు ఫ్రీక్వెన్సీకి బదులు మిడి నోట్ నంబరు (స్వరానికి ఇచ్చే అంకె) దాచి, దాన్ని ఫ్రీక్వెన్సీ చేసే ఎంటాఫ్ ఆబ్జెక్ట్‌తో మారుస్తున్నాను. మెనూల విషయంలో అయితే ఈ మధ్యస్థానానికి అర్థమే లేదు, వాటిని ఇందులోంచి తప్పించాను.

ప్రీసెట్లకు నంబర్లు 10, 20, 30 అని ఖాళీలు వదిలి ఇస్తాను, మధ్యలో కొత్త సన్నివేశం వస్తే చోటు ఉంటుంది. అలాంటప్పుడు రెండింటి మధ్య సగం కావాలంటే 'రికాల్ 10 20 0.5' అని రెండు నంబర్లూ చెప్పి పిలవాలి. రీనంబర్ మెసేజ్ జోలికి మాత్రం పోను, ఆ ఖాళీలన్నీ మూసేసి ఒకటి నుంచి వరుసగా పేరుస్తుంది. ఎప్పుడు ఏ ప్రీసెట్ పిలవాలో రాసుకున్న నా క్యూ లిస్టంతా పాత నంబర్ల మీదే నడుస్తోంది.

నాది స్టేజీ పని, ఒకే ప్యాచ్‌ను నెలల తరబడి మారుస్తూ ఉంటాను కాబట్టి ఇది నాకు సరిపోయింది. నాలుగైదు డయల్స్ ఉన్న చిన్న ప్యాచ్ అయితే మామూలు ప్రీసెట్ ఆబ్జెక్టే చాలు. షిఫ్ట్ నొక్కి క్లిక్ చేస్తే దాచుకుంటుంది, పేర్ల బాధ కూడా ఉండదు.