కష్టం చెప్పుకున్నప్పుడు: మగవారి తీరు, ఆడవారి తీరు

దాళ్వాలో (రబీ వరి పంటకాలంలో) శివారు పొలానికి కాలువ నీరు అందడం లేదని కోనసీమ రైతు టీ కొట్టు దగ్గర చెబితే, వినే మగవారు చాలాసార్లు అతని మాట పూర్తికాకముందే "లాకుల దగ్గరికెళ్లి లస్కరును అడుగు బావా" అని ఉపాయం చెబుతారు (లస్కరు అంటే కాలువ నీటి పంపకం చూసే ఉద్యోగి). అదే కష్టాన్ని అతని భార్య డ్వాక్రా సమావేశం ముగిశాక చెబితే, తోటివారు ఊఁ కొడుతూ, "ఎన్నాళ్లయింది వదినా? పెట్టుబడికి తెచ్చిన అప్పు మాటేమిటి?" అని అడిగి, తమ ఇంటి ఇబ్బందిని కూడా దానికి జోడిస్తారు.

మొదటి తీరులో పని త్వరగా తెములుతుంది. అప్పు సంగతి మాత్రం లోపలే ఉండిపోతుంది. రెండో తీరులో అది బయటపడుతుంది కనుక, నీటి వంతు రేపే వచ్చిపడే అత్యవసరం లేనప్పుడు, అదే మేలని నా అభిప్రాయం.

ఆడవారే ఎక్కువ మాట్లాడతారన్న నమ్మకానికి అంత బలం లేదు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికా, మెక్సికోలకు చెందిన 396 మంది విద్యార్థుల మాటలను రికార్డు చేయగా, స్త్రీలూ పురుషులూ సగటున రోజుకు సుమారు 16,000 మాటలే పలికారు. కష్టం వినే తీరులోని ఈ తేడాలు పుట్టుకతో వచ్చినవని కూడా నేననుకోను. తోటివారి మధ్య అనర్గళంగా మాట్లాడే స్త్రీయే, మగవారు నిండిన గ్రామసభలో కాలువ పూడిక ప్రస్తావన వచ్చినా నోరు విప్పని సందర్భాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి.