కొత్తదని నమ్మించి అంటగట్టిన రైఫిల్: వేటకు కొత్తగా దిగుతున్న మనవాళ్ళకు జాగ్రత్త హెచ్చరిక

నిన్న మధ్యాహ్నం నాకు రైఫిల్ అమ్మిన కొట్టు నుంచి తిరిగి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేలోగా జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలని కూర్చున్నాను. ఉత్తర టెక్సస్ నుంచి జింకల వేటకు వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి నేను ఏ కొట్టు గురించి చెబుతున్నానో అర్థమవుతుంది కనుక పేరు రాయను. రైఫిల్ ఏ కంపెనీదో కూడా రాయను, ఎందుకంటే తప్పు తయారు చేసినవాళ్ళది కాదు, అమ్మినవాళ్ళది.

వెనకటి సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్రీన్ కార్డు వచ్చాక హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తి చేశాను (ఈ రాష్ట్రంలో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్ళకు అది తప్పనిసరి). లైసెన్సు తీసుకుని, మాకు పెద్దన్నలాంటి ఒక మిత్రునితో కలిసి టెక్సస్‌లోనే లానో వైపు వేట లీజులో (వేట కోసం కౌలుకు తీసుకునే స్థలంలో) చేరాను. మొదటి రైఫిల్ కాబట్టి బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించే రకం) తీసుకోవాలనీ, ధర అయిదు వందల డాలర్ల లోపు ఉండాలనీ అనుకున్నాను. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియట్ మూడింటినీ వేరువేరు చోట్ల చేతబట్టి చూశాను. ఇక తూటా రకాల్లో, 243 వించెస్టర్ భుజానికి తేలిక, 30-06 నాకు బరువైన దెబ్బ, 6.5 క్రీడ్‌మోర్ బాగుందనిపించినా, ఏ ఊరి దుకాణంలోనైనా తూటాలు దొరుకుతాయన్న ధైర్యంతో చివరికి 308 దగ్గర ఆగాను. ఇంతవరకూ నేను చేసిన ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఎవరి దగ్గర కొన్నాను, ఎవరి మాట నమ్మాను అన్న దగ్గరే మోసపోయాను.

కౌంటర్ దగ్గరి మనిషి లోపలి గది నుంచి కంపెనీ పెట్టె తెచ్చి, చీటీలు వేలాడుతున్న రైఫిల్‌ను తీసి చూపించాడు. కొత్తదేనా అని నేను అడిగాను, కొత్తదేనని అతను చెప్పాడు. గొట్టం నోటి దగ్గర కొద్దిగా రాగిరంగు, బోల్టు ముఖం మీద సన్నని ఇత్తడి గీత కనిపించి అవి ఏమిటని అడిగితే, ఫ్యాక్టరీలో ప్రతి తుపాకినీ పేల్చి చూసి పంపుతారనీ, ఆ గుర్తులు అవేననీ చెప్పాడు. కంపెనీలు అలా పేల్చి చూడడం నిజమే గనుక ఆ మాటను కాదనడానికి నాకు ఆధారం కనబడలేదు. 3-9x40 స్కోపును (గురిచూసే దుర్భిణిని) వాళ్ళే బిగించి, బోర్ సైట్ చేసి ఇచ్చారు. అందుకు నలభై డాలర్లు వేరే తీసుకున్నారు. "ఇక నేరుగా వేటకు వెళ్ళిపోవచ్చు" అన్నాడు. బోర్ సైట్ అంటే బోల్టు తీసేసి గొట్టంలోంచి చూసి స్కోపును ఇంచుమించుగా అదే దిక్కుకు సరిచేయడం మాత్రమేననీ, మొదటి తూటా కాగితం మీద పడేందుకు తప్ప అది మరిదేనికీ చాలదనీ నాకు అప్పుడే తెలిసి ఉండవలసింది. తెలియకపోవడం ఒక ఎత్తు, పెద్దన్న చెప్పినా వినకపోవడం మరో ఎత్తు. వంద గజాల రేంజికి వెళ్ళి కనీసం ఇరవై తూటాలు కాల్చిరా అని ఆయన రెండుసార్లు చెప్పాడు. పనిలో తీరిక లేదన్న వంకతో నేను బయలుదేరే ముందురోజు సాయంత్రం ఇరవై అయిదు గజాల దగ్గర మూడు తూటాలు కాల్చి, మూడూ అరచేయంత మేరలో పడ్డాయని తృప్తిపడ్డాను. ఇరవై అయిదు గజాల దగ్గర ఒక అంగుళం తేడా వంద గజాల దగ్గర నాలుగు అంగుళాలవుతుందన్న చిన్న లెక్క కూడా వేసుకోలేదు. ఈ తప్పు నాదే, ఎవరి మీదా వేయను.

నవంబరు మొదటి శనివారం, సీజను తెరిచిన రోజు సాయంత్రం, మంచె మీద నుంచి నూట ఇరవై గజాల దూరంలో ఒక తెల్లతోక జింక పక్కకు తిరిగి నిలబడింది. మగది, పెద్దది. ముందుకాలికి వెనకగా, ఊపిరితిత్తుల మీద గురిపెట్టి, శ్వాస ఆపి ట్రిగ్గర్ నొక్కాను. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాల వలయం. నా తూటా అందులో పడలేదు, డొక్కలో పడింది. అది వీపు ముడుచుకుని పొదల్లోకి నడిచి వెళ్ళిన తీరు చూసి పెద్దన్న ఒక్క మాట కూడా అనలేదు. చీకటిపడేదాకా, టార్చి లైట్లతో రాత్రి పదిన్నర దాకా, మళ్ళీ తెల్లవారి పదకొండు దాకా వెదికాం. నల్లటి నెత్తురు నాలుగైదు చుక్కలు, కాస్త బొచ్చు కనిపించాయి, ఆ తరువాత రాళ్ళ నేల మీద ఏమీ దొరకలేదు. గాయపడిన జంతువును వెదికి పట్టుకునేందుకు తగిన ప్రయత్నం చేయాలని ఇక్కడి చట్టమే చెబుతుంది. చట్టం లేకపోయినా వెదికేవాళ్ళం. ఒక ప్రాణి నా వల్ల గంటలకొద్దీ బాధపడి ఎక్కడో ఒంటరిగా చచ్చిపోయింది. పోయిన డబ్బు కంటే నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

ఇంటికి వచ్చాక వంద గజాల రేంజిలో బల్ల మీద ఆనించి అయిదు తూటాలు కాల్చాను. అవి పదకొండు అంగుళాల మేర చెదిరాయి. తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళగా, ఆయన స్కోపు విప్పి, దాని కింద ఉండే బేస్ విప్పి, నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. బేస్‌ను రిసీవర్‌కు (గొట్టం వెనక, బోల్టు ఉండే లోహపు భాగానికి) పట్టి ఉంచే నాలుగు స్క్రూలలో ముందరి దానికి మర పూర్తిగా పోయి ఉంది. ఆ రంధ్రంలో జిగురు నింపి, స్క్రూను సగానికి కోసి, పైకి తల మాత్రం కనబడేలా అతికించారు. తుపాకి పేలిన ప్రతిసారీ బేస్ కొద్దికొద్దిగా కదులుతోంది, దానితో స్కోపు కదులుతోంది. ఫ్యాక్టరీలో జిగురుతో స్క్రూ అతికించరనీ, ఎవరో ఒకసారి స్కోపు బిగించబోయి మర చెడగొట్టి ఉంటారనీ ఆయన అన్నాడు. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోను చేసి సీరియల్ నంబరు చెప్పాను. వారంటీ జూన్ నెలలోనే వేరొకరి పేరున నమోదై ఉందని చెప్పారు. నేను కొన్నది అక్టోబరులో.

ఇక నిన్నటి సంగతి. రైఫిల్‌ను బోల్టు తీసి, పెట్టెలో పెట్టి, ఫోటోలతో సహా కౌంటర్ మీద ఉంచి జరిగినదంతా నెమ్మదిగానే చెప్పాను. నాకు అమ్మిన మనిషే ఉన్నాడు. ఫోటోలు చూడకుండానే, వెనక నిలబడిన నలుగురికీ వినబడేలా, "మీ దేశంలో వేట లేదు కదా, ఇంతకుముందు ఎప్పుడైనా తుపాకి పట్టుకున్నారా?" అని అడిగాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. మా తాతల నుంచి నేర్చుకునే అవకాశం నాకు లేదన్నది నిజమే. సరిగ్గా అందుకే నేను అమ్మేవాడి మాట మీద ఆధారపడ్డాను. ఆ ఆధారాన్నే ఎత్తిచూపి అవమానిస్తుంటే నాకు మాట పెగల్లేదు. లోపం తుపాకిలో లేదనీ, పేల్చిన చేతిలో ఉందనీ అతను అంటుండగా మేనేజరు వచ్చాడు. జిగురు ఉన్న ఫోటో చూపించాను. ఆయన దానికేసి చాలాసేపు చూశాడు. తరువాత అతని వైపు ఒక్కసారి చూసి, నా వైపు తిరిగి, "మీరు 4473 మీద సంతకం పెట్టారు, ఇది ఇక మీ తుపాకి, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు. ఆ చూపులోనే నాకు తెలిసిపోయింది, ఈ రైఫిల్ ఎందుకు వెనక్కి వచ్చిందో ఇద్దరికీ ముందే తెలుసని. తెలిసి, ప్రాణం తీసే వస్తువును జిగురుతో అతికించి నా చేతికిచ్చారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. 4473 అనేది తుపాకి కొనే అర్హత నాకు ఉందా లేదా అని తేల్చే కేంద్ర ప్రభుత్వ పత్రం. సరుకు కొత్తదో పాతదో దానిలో ఎక్కడా ఉండదు, దాని మీద సంతకం పెట్టినంత మాత్రాన మోసానికి ఒప్పుకున్నట్టు కాదు. వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం టెక్సస్ వినియోగదారుల చట్టం ప్రకారం మోసపూరిత వ్యాపారమే. దావా వేయాలంటే అరవై రోజుల ముందు వాళ్ళకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ ఉదయం రిజిస్టర్డ్ తపాలాలో పంపాను. అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు కూడా పెట్టాను. పెద్దాయన ఆ రంధ్రాన్ని వెడల్పు చేసి 8-40 అనే కాస్త లావు కొలత మర కోసి, నాలుగు స్క్రూలూ సరిగ్గా బిగించి తొంభై డాలర్లు తీసుకున్నాడు. ఆ తరువాత అవే తూటాలతో అదే రైఫిల్ వంద గజాల దగ్గర ఒకటిన్నర అంగుళంలో కాల్చింది.

కొనబోయేవాళ్ళు డబ్బు కట్టే ముందే సీరియల్ నంబరుతో కంపెనీకి ఫోను చేయండి. రసీదు మీద "కొత్తది" అని రాయించుకోండి. స్కోపు బేస్ మీ కళ్ళ ముందు, టార్క్ డ్రైవరుతో (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే సాధనంతో) బిగించమనండి. ఒప్పుకోకపోతే బయటికి వచ్చేయండి. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకు తుపాకి నిబంధనలు వేరు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా కొనకూడదు, ముందు లాయరును అడగండి. వేటకు బయలుదేరే ముందు వంద గజాల దగ్గర కాల్చకుండా మాత్రం వెళ్ళకండి.