పౌర్ణమికో పాట: పీటర్ గేబ్రియల్ 'ఐ/ఓ' బ్యాండ్‌క్యాంప్‌లో కొని విన్నాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆల్బమ్ ఒక్కదాని రివ్యూ కాదు. బ్యాండ్‌క్యాంప్ అనే పాటల అమ్మకం సైటు ద్వారా ఆ పాటలు మన చేతికి వచ్చిన పద్ధతి గురించి కూడా. నాకు పాటలెంత నచ్చాయో పద్ధతీ అంతే నచ్చింది.

పీటర్ గేబ్రియల్ అంటే జెనెసిస్ బ్యాండ్ తొలి గాయకుడు, 1975లో బయటికొచ్చి సొంతంగా పాడుకుంటున్న మనిషి. 2002 తర్వాత ఆయన నుంచి పూర్తిగా సొంత కొత్త పాటలతో ఆల్బమ్ రాలేదు. మళ్లీ 2023లో, డెబ్బై దాటాక, 'ఐ/ఓ' మొదలుపెట్టి పన్నెండు పాటలూ ఒకేసారి కుమ్మరించకుండా పౌర్ణమికి ఒకటి చొప్పున వదిలాడు. జనవరి 6న మొదటిది, నవంబర్ 27న ఆఖరిది, డిసెంబర్ 1న ఆల్బమ్.

మన క్యాలెండర్ చూసుకుంటూ వింటే ఇది ఇంకా బాగుంటుంది. మే నెల పాట బుద్ధ పౌర్ణమికి వచ్చింది, జులై పాట గురు పౌర్ణమికి. ఆ ఏడాది అధిక శ్రావణం కదా, ఆగస్టు 1న ఒకటి, 31న ఇంకొకటి, ఒకే నెలలో రెండు పాటలు! మా చెన్నైలో పౌర్ణమి అంటే తిరువణ్ణామలై గిరి ప్రదక్షిణకు బస్సులు కిక్కిరిసే రోజు, మా ఇంట్లో ఆ ఏడాదంతా అది కొత్త పాట రోజు కూడా అయింది.

ఇక్కడ చాలామందికి ఆయన పేరు తెలియదు గానీ మనకు ఆయన దూరపువాడేం కాదు. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ 'రామ శ్రీరామ' 1994లో విడుదలైంది గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ లేబుల్ మీదే. ఆ మరుసటి ఏడు గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' కూడా అక్కడి నుంచే. మద్రాసులో పుట్టిన వయొలిన్ ఎల్. శంకర్ 1993లో గేబ్రియల్ బృందంతో ప్రపంచమంతా తిరిగి వాయించారు. 1988లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కచేరీకి గేబ్రియల్ ఢిల్లీ కూడా వచ్చి పాడాడు. మా ఇంటికి ఆయన శ్రీనివాస్ సీడీ వెనక ఉన్న లేబుల్ పేరుగానే వచ్చాడు, పాటలు ఆ తర్వాతే.

ఇక అసలు విషయం. ప్రతి పాటకూ రెండు మిక్స్‌లు, అంటే అదే రికార్డింగులో గొంతూ వాద్యాలూ వేర్వేరు పాళ్లలో కలిపిన రెండు రూపాలు. మిక్సింగ్ ఇంజినీర్లు ఇద్దరు: స్పైక్ స్టెంట్ చేసింది బ్రైట్ సైడ్, చాడ్ బ్లేక్ చేసింది డార్క్ సైడ్. ఒకటి పౌర్ణమికి, రెండోది ఆ తర్వాత ఇంకొన్ని రోజులకు. స్టెంట్ చిత్రకారుడి లాంటివాడు, బ్లేక్ శిల్పి లాంటివాడు అని గేబ్రియలే వాళ్ల గురించి చెప్పాడు. మొదట నాకు ఇది అమ్మకాల కోసం వేసిన ఎత్తేమో అనిపించింది. వడపళనిలో ఉండే మా బాబాయ్ కోడంబాక్కం రికార్డింగుల్లో ఏళ్ల తరబడి వయొలిన్ వాయించినవాడు, ఆయనకు హెడ్‌ఫోన్స్ పెట్టి మొదటి పాట 'పానాప్టికామ్' రెండు మిక్స్‌లూ వరసగా వినిపించాను. ఆయనకు ఇంగ్లిష్ పాటల మీద ఆసక్తి లేదు. కళ్లు మూసుకుని రెండూ పూర్తిగా విన్నాడు. "ఒరేయ్, మొదటిదాంట్లో గొంతు ముందు కూర్చుంది, అందరూ దాని చుట్టూ ఉన్నారు. రెండోదాంట్లో బేస్, డ్రమ్స్ ముందుకొచ్చి కూర్చున్నాయి, గొంతు వాళ్ల మధ్యలోంచి వస్తోంది. వాయించినవాళ్లు వాళ్లేరా, కూర్చోబెట్టినవాడు మారాడు," అన్నాడు. ఆ బేస్ టోనీ లెవిన్‌ది, డ్రమ్స్ మానూ కాచేవి, ఇద్దరూ ముప్పై ఏళ్లకు పైగా గేబ్రియల్‌తో వాయిస్తున్నవాళ్లే అని చెబితే, "అందుకే ఎవరూ తొందరపడట్లేదు," అని ఇంకోసారి పెట్టమన్నాడు.

నెలంతా చేతిలో ఒకే పాట ఉంటే ఇలా వింటాం. పన్నెండూ ఒక్కరోజే వచ్చుంటే నేను రెండు మూడు పాటలు పట్టుకుని మిగతావి వదిలేసేవాణ్ణి, ఆ మాట ఖాయం. 'అండ్ స్టిల్' అని వాళ్లమ్మ తలపులతో రాసుకున్న పాట ఉంది, అక్టోబర్ 28న, మనకు చంద్రగ్రహణం పట్టిన రోజున వచ్చింది. చాలా నెమ్మదైన పాట, మధ్యలో చెల్లో ఒక్కటే కాసేపు మాట్లాడుతుంది. మిగతా పాటల మధ్య పడితే ఎవరైనా దాటేసే పాటే. ఆ నెలంతా నాకు అదొక్కటే ఉంది కాబట్టి నిలిచింది, ఇప్పుడు ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

బ్యాండ్‌క్యాంప్ సంగతి. 2008లో మొదలైన సైట్, పాట కొంటే డిజిటల్ అమ్మకంలో సైటు వాటా 10 నుంచి 15 శాతం, పేమెంట్ ఖర్చులు పోగా మిగతాది కళాకారుడిది. ఎంపీ3 కావాలన్నా నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు కావాలన్నా దింపుకోవచ్చు, ఫైలు మన దగ్గర ఉండిపోతుంది. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఈ కంపెనీ 2022లో వీడియో గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ చేతికి, ఆ మరుసటి ఏడే పాటల లైసెన్సింగ్ కంపెనీ సాంగ్‌ట్రేడర్ చేతికి వెళ్లింది, అప్పుడు దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. రేపు సైటు ఏమైనా నా పాటలు నా హార్డ్‌డిస్కులో ఉంటాయి. కొన్నవి కొన్నట్టే దింపేసుకోండి.

మనకు ఇబ్బంది డబ్బు కట్టే దగ్గరే. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. నా బ్యాంకు వాళ్లు అది ఆన్‌లో ఉన్నా ఒకసారి పేమెంట్ ఆపేశారు, కస్టమర్ కేర్‌లో లైన్లో ఉంచి ఉంచి చివరికి "మళ్లీ ప్రయత్నించండి సార్" అన్నారు. చిన్న మొత్తానికి అంత టెన్షన్ అవసరమా అని చాలామంది అక్కడే వదిలేస్తారు. పైగా విదేశీ కరెన్సీలో కట్టినందుకు ఫారెక్స్ ఛార్జీ ఉంటుంది.

గేబ్రియల్ పద్ధతిలో కూడా ఒక లోటు ఉంది. నెలనెలా కొన్న అభిమానికి డిసెంబర్‌లో ఆల్బమ్ వచ్చేసరికి వినడానికి కొత్త పాట ఒక్కటీ మిగల్లేదు. అంతకాలం వెంట నడిచినవాళ్ల కోసం ఒక్క పాటైనా దాచి ఉంచాల్సింది. ఇది నాకు నిజంగా వెలితే.

చెన్నైలో కూర్చుని ఇవన్నీ వింటుంటే మన పెద్దవాళ్లు గుర్తుకొస్తారు. కర్ణాటక సంగీత గాయకుడు సంజయ్ సుబ్రహ్మణ్యన్ సొంత యూట్యూబ్ ఛానెల్ పెట్టుకుని నేరుగా శ్రోతలకు పాడుతున్నారు, సంతోషం. కానీ సినిమా రికార్డింగుల్లో జీవితం గడిపిన మన వాద్యకారులు ఎంతమంది సొంతంగా చేసుకున్న సంగీతం ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారో! బాబాయ్ దగ్గరే ఉంది. నెలకొకటి పెడదాం, నేను చూసుకుంటా అంటే, "ఎవరు కొంటార్రా" అంటున్నాడు. నేను కొంటాను, నాలాంటివాళ్లు ఇంకో యాభై మంది కొన్నా చాలు.

కొనాలనుకునేవాళ్లకి: కార్డుతో కుస్తీ పట్టే ఓపిక లేకపోతే రెండు మిక్స్‌లూ ఉన్న రెండు సీడీల సెట్ తీసుకోండి. చుట్టూ నుంచి శబ్దం వినిపించే డాల్బీ ఆట్మాస్ ఏర్పాటు ఇంట్లో ఉంటే బ్లూరే ఉన్న సెట్ చూడండి, అందులో మూడో మిక్స్ కూడా వస్తుంది. ఏది కొన్నా వారానికో పాట చొప్పున వినండి, డార్క్ సైడ్ ముందు పెట్టండి.