ఏడాదిలో నర్సు కావచ్చని చెప్పే కోర్సుల విషయంలో ఒక హెచ్చరిక: సంతకం పెట్టే ముందు చదవండి

చేతిలో బీటెక్ గానీ, బీఎస్సీ గానీ, బీఫార్మసీ గానీ ఉండి, భర్త లేదా భార్య ఉద్యోగం మీద అమెరికా వచ్చి, కొన్నేళ్లు ఇంటిపట్టున ఉన్న తరువాత నర్సింగ్ వైపు మళ్లుదామని ఆలోచిస్తున్న మన వారి కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉన్నవారికి నర్సింగ్ పట్టాను త్వరగా ఇచ్చే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అనే కోర్సులో, డాలస్ ప్రాంతంలోని ఒక ప్రైవేటు కళాశాలలో నేను చేరాను. పదకొండు నెలల కాలమూ, 31,000 డాలర్లూ పోయాయి, పట్టా రాలేదు. నా ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందువల్ల ఆ కళాశాల పేరు ఇక్కడ రాయడం లేదు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ కోర్సు మోసం కాదు. సాధారణంగా 11 నుంచి 18 నెలలలో పూర్తయ్యే ఈ చదువును ఎన్నో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చక్కగా నడుపుతున్నాయి, వాటిలో చదివి ఆసుపత్రులలో స్థిరపడిన మన వారు నాకు తెలుసు. మోసం జరిగేది కోర్సు పేరులో కాదు, దానిని అమ్మే తీరులో.

నాకు మొదట ఫోన్ చేసినావిడ తనను అడ్మిషన్స్ అడ్వైజర్‌నని పరిచయం చేసుకున్నారు. మూడు వారాల పాటు దాదాపు రోజూ ఫోన్ చేసి, నా పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని మరీ కుశలం అడిగేవారు. ఆవిడ కళాశాల ఉద్యోగి కారనీ, కళాశాల తరఫున విద్యార్థులను చేర్చి, వారు కట్టే ఫీజులో వాటా తీసుకునే ఒక సంస్థలో పనిచేస్తారనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇటువంటి ఏర్పాటు ఇక్కడ చట్టవిరుద్ధం కాదు, చాలా కళాశాలలలో ఉన్నదే. అయితే ఫోన్‌లో ఆవిడ ఇచ్చిన ఏ హామీకీ కళాశాల బాధ్యత వహించదని నేను సంతకం పెట్టిన ఒప్పందంలోనే రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేను చదవలేదు.

ఆవిడ ఇచ్చిన మొదటి హామీ, నా పాత చదువు ఇక్కడ పనికి వస్తుందని. నేను 2009లో హైదరాబాద్‌లో బయోటెక్నాలజీలో బీటెక్ చేశాను, మైక్రోబయాలజీ అందులో ఒక సబ్జెక్టు. డిపాజిట్ కట్టిన తరువాత వచ్చిన మదింపులో, చదివి ఏడేళ్లు దాటినందువల్ల మైక్రోబయాలజీ చెల్లదనీ, అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలూ ల్యాబుతో సహా కొత్తగా చదవాలనీ తేలింది. ఈ పాత చదువు గడువు చాలా కళాశాలలలో ఐదేళ్లో ఏడేళ్లో ఉంటుంది కనుక, ఊరి నుంచి వచ్చి పదేళ్లు దాటిన వారెవరైనా ఈ విషయం ముందే తేల్చుకోవాలి. ఇవే సబ్జెక్టులను మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో చాలా తక్కువ ఖర్చుతో చదవవచ్చు. కానీ సీటు పోతుందని తొందరపెట్టి, కళాశాలవారి సొంత ఆన్‌లైన్ ప్యాకేజీలో నన్ను చేర్పించారు. తరువాత నేను దరఖాస్తు పెట్టుకున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ ల్యాబును ఒప్పుకోలేదు. దానితో ఆ డబ్బు పూర్తిగా వృథా అయింది.

రెండవది గుర్తింపు సంగతి. దీనిని కాస్త ఓపికగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే నాతో సహా మన వారిలో చాలామంది తడబడేది ఇక్కడే. నర్సింగ్ కోర్సుకు రెండు వేరువేరు అనుమతులు ఉంటాయి. ఒకటి రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఇచ్చే ఆమోదం, అది లేకపోతే నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకే కూర్చోనివ్వరు. రెండవది సి.సి.ఎన్.ఇ., ఎ.సి.ఇ.ఎన్. వంటి జాతీయ సంస్థలు ఇచ్చే అక్రెడిటేషన్, అంటే కోర్సు నాణ్యతకు గుర్తింపు. అది లేని చోట చదివితే పరీక్ష రాయగలిగినా, మాజీ సైనికుల ఆసుపత్రుల వంటి చోట్ల ఉద్యోగానికీ, తరువాత మాస్టర్స్‌లో ప్రవేశానికీ అడ్డంకి వస్తుంది. మా కళాశాల కరపత్రంలో సి.సి.ఎన్.ఇ. పేరు పెద్ద అక్షరాలలో ఉంది, దాని కింద చిన్న అక్షరాలలో దరఖాస్తు చేసుకున్నామని ఉంది. దరఖాస్తు అంటే గుర్తింపు కాదు. ఆ గుర్తింపు అమలులోకి వచ్చే తేదీకి ముందే పట్టా పుచ్చుకున్న వారికి అది వర్తించదు కూడా. ఈ సంగతి అడిగినప్పుడు, అదంతా లాంఛనమేననీ, మీ బ్యాచ్ బయటికి వచ్చేసరికి అయిపోతుందనీ జవాబిచ్చారు.

బోర్డు ఆమోదంలోనూ దశలు ఉన్నాయి. కొత్త కోర్సుకు మొదట ప్రాథమిక ఆమోదం మాత్రమే ఉంటుంది. టెక్సస్‌లో మొదటిసారి ఎన్‌క్లెక్స్ రాసిన వారిలో కనీసం 80 శాతం మంది ఉత్తీర్ణులు కావాలన్నది బోర్డు పెట్టిన ప్రమాణం, కాలిఫోర్నియాలో అది 75 శాతం. ఏ కళాశాలలో ఎంతమంది ఉత్తీర్ణులయ్యారో బోర్డు వెబ్‌సైటులో సంవత్సరాల వారీగా ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. కళాశాలవారు చూపే అంకెలను పక్కనపెట్టి, బోర్డు అంకెలనే చూడండి.

నన్ను చివరికి బయటికి నెట్టింది క్లినికల్స్. నర్సింగ్ పట్టాకు ఆసుపత్రిలో రోగుల దగ్గర చేసే పని తప్పనిసరి, దానికి స్థలం చూపవలసింది కళాశాల. ఇంటికి దగ్గరలోనే ఉంటుందని ఫోన్‌లో చెప్పారు. తీరా వచ్చినది గంటా నలభై నిమిషాల దూరంలోని చిన్న ఆసుపత్రి, తెల్లవారుజామున ఆరున్నరకు హాజరు, పన్నెండు గంటల షిఫ్టు. మా అత్తగారు వీసా మీద వచ్చి పిల్లలను చూసుకున్నందువల్ల ఒక టర్మ్ గడిచింది. రెండవ టర్మ్‌లో మెడికల్ సర్జికల్ విభాగానికి ఆసుపత్రే దొరకలేదు, ఒప్పందం కుదరలేదని పది వారాలు ఆపారు. ఈ పది వారాలకూ ఫీజు ఆగలేదు. ఒప్పందం తిరగేస్తే, క్లినికల్స్ స్థలం లభ్యతను బట్టి ఉంటుందనీ, ఆలస్యానికి రిఫండ్ లేదనీ ఉంది. టర్మ్‌లో 60 శాతం దాటిందని చెప్పి నాకు ఒక్క డాలరు తిరిగి ఇవ్వలేదు. అప్పటిదాకా చదివిన నర్సింగ్ సబ్జెక్టులను మరో కళాశాల తీసుకుంటుందేమోనని నాలుగు చోట్ల అడిగాను, నాలుగు చోట్లా మొదటి నుంచి చదవాలన్నారు.

మార్కుల నిబంధన కూడా ముందే అడిగి తెలుసుకోండి. మా దగ్గర పరీక్షల సగటు 78 శాతం దాటకపోతే అసైన్‌మెంట్లలో ఎంత వచ్చినా తప్పినట్టే, రెండుసార్లు తప్పితే పంపించివేస్తారు. మొదటి టర్మ్ ముగిసేసరికి తరగతిలో నాకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ లేరు.

వీసా సంగతి మన వారికి ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబ సభ్యులకు ఇచ్చే హెచ్-4 మీద చదువుకోవచ్చు, అందులో ఇబ్బంది లేదు. ఉద్యోగం చేయాలంటే మాత్రం వర్క్ పర్మిట్ కావాలి, 2015 నుంచి ఇస్తున్న ఆ పర్మిట్ ప్రధానంగా జీవిత భాగస్వామి ఐ-140కి (గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టే దరఖాస్తుకు) ఆమోదం వచ్చిన వారికే దొరుకుతుంది. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి సాధారణంగా హెచ్-1బి రాదు. నర్సులకు గ్రీన్‌కార్డు దారిలో కొన్ని సడలింపులున్న మాట నిజమే, కానీ భారతదేశంలో పుట్టిన వారి క్యూ దానివల్ల తగ్గదు. మా బ్యాచ్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెలికి వర్క్ పర్మిట్ లేదు. ఆసుపత్రులే స్పాన్సర్ చేస్తాయని ఆమెకు ఫోన్‌లో చెప్పారట, నమ్మి ఊళ్లో స్థలం అమ్మించి ఫీజు కట్టింది. ఫెడరల్ విద్యారుణం హెచ్-4 వారికి దొరకదు, ప్రైవేటు రుణానికి ఇక్కడి పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవారో హామీ ఉండాలంటారు. అందుకే ఇటువంటి చదువులకు చాలాసార్లు పుట్టింటి డబ్బే కరిగిపోతుంది. ఆ అమ్మాయిని తలచుకున్నప్పుడల్లా నాకు కోపం ఆగదు.

నేను మానేసిన సంగతి తెలిసి, తరగతులతో పని లేకుండా పట్టా ఇప్పిస్తానని వాట్సాప్‌లో ఒకరు సంప్రదించారు. దయచేసి అటు తొంగి కూడా చూడకండి. 2023 జనవరిలో ఫ్లోరిడాలో బయటపడిన కేసులో మూడు సంస్థలు 7,600కు పైగా నకిలీ నర్సింగ్ పట్టాలు అమ్మినట్టు ఫెడరల్ అధికారులు ప్రకటించారు. వాటిని కొనుక్కుని ఎన్‌క్లెక్స్ కూడా గట్టెక్కినవారిలో ఎందరో తరువాత లైసెన్సులు పోగొట్టుకున్నారు. వీసా మీద ఉన్నవారికి పర్యవసానం ఇంకా తీవ్రంగా ఉంటుంది.

చేరదలచుకున్నవారు డబ్బు కట్టే ముందు ఇవి లిఖితపూర్వకంగా తెప్పించుకోండి: ఏయే ఆసుపత్రులతో ప్రస్తుతం ఒప్పందం ఉన్నదో వాటి పేర్లు, క్లినికల్స్ ఆలస్యమైతే ఫీజు సంగతి, రిఫండ్ పట్టిక, మీ పాత సబ్జెక్టులపై రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన తుది మదింపు. ట్యూషన్ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. టీకాలు, వేలిముద్రల తనిఖీ, యూనిఫాం, సన్నాహక పరీక్షల ప్యాకేజీ, చివరన ఎన్‌క్లెక్స్‌కు 200 డాలర్లు, ఆ పైన రాష్ట్ర లైసెన్సు రుసుము కూడా కలుపుకోండి. ఫోన్‌లో ఎవరు ఏమి చెప్పినా, అదే రోజు ఆ మాటను ఈమెయిల్‌లో రాసి సరేనా అని అడగండి. రాతపూర్వకంగా జవాబివ్వకుండా మళ్లీ ఫోనే చేస్తే అక్కడితో ఆగండి.

నేను టెక్సస్ ఉన్నత విద్యా సమన్వయ బోర్డుకూ, నర్సింగ్ బోర్డుకూ ఫిర్యాదు చేశాను. ప్రస్తుతం కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ మళ్లీ చదువుతున్నాను, ఈసారి ల్యాబుకు స్వయంగా వెళుతున్నాను. ఇప్పటికే డిపాజిట్ కట్టి, తరగతులు ఇంకా మొదలుకాని వారు మీలో ఉంటే, మీ ఒప్పందంలో రద్దు గడువు ఏ తేదీ వరకు ఉన్నదో ఈ రోజే వెతకండి. గడువు మిగిలి ఉండి, పైన చెప్పిన కాగితాలు మీ చేతికి రాకపోతే, రద్దు చేసుకుంటున్నట్టు ఈమెయిల్ పంపి, దాని ప్రతిని భద్రపరచుకోండి.